కియోస్క్ సంగతి తర్వాత, ముందు పదహారో తేదీ జాబితా తీయండి

ప్రశ్న: నేను పల్నాడు జిల్లాలో ఒక గ్రామ సచివాలయంలో డిజిటల్ అసిస్టెంట్‌ని. మా ఊళ్లో ఎక్కువ మంది మిరప కోతలకు, పత్తి తీతకు వెళ్లే కూలీలు. బియ్యం కార్డు పని మీద రోజూ ఎవరో ఒకరు వస్తారు. ఒకరికి థంబ్ పడదు, ఇంకొకరికి కోడలి పేరు ఎక్కదు, మరొకరికి కార్డే ఆగిపోయి ఉంటుంది. తిరిగి తిరిగి విసిగి రావడం మానేసినవాళ్లూ ఉన్నారు. వాళ్ల మొహాలు గుర్తొచ్చి రాత్రిళ్లు నిద్ర పట్టదు. ఇప్పుడు అమెరికాలో ఉన్న మా ఊరివాళ్లు ఊరికి ఏదైనా చేద్దామని కొంత డబ్బు పంపుతామన్నారు. సర్పంచ్‌గారు సచివాలయంలో టచ్‌స్క్రీన్ కియోస్క్ పెట్టించి, మన ఊరికి ఒక యాప్ చేయిద్దామంటున్నారు. ప్రతిపాదన నన్ను రాయమన్నారు. ఏం రాయమంటారు? జనానికి తిండిగింజలు అందడానికి నిజంగా ఏది పనికొస్తుంది?

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన మాట ఒకటుంది: "రావడం మానేసినవాళ్లూ ఉన్నారు" అన్నది. పౌరసరఫరాల శాఖలో చాలా ఏళ్లు పనిచేసినదాన్ని కాబట్టి చెబుతున్నాను, ఆఫీసుకు వచ్చి గట్టిగా అడిగేవాళ్ల పని ఆలస్యంగానైనా అవుతుంది. రావడం మానేసినవాళ్ల పేరు ఏ రికార్డులోనూ ఉండదు. వాళ్ల దరఖాస్తు పెండింగ్‌లో కనిపించదు, వాళ్ల ఫిర్యాదు ఎక్కడా నమోదు కాదు. కంప్యూటర్ లెక్కలో ఆ ఊళ్లో అంతా సవ్యంగానే ఉంటుంది. మీరు రాయబోయే ప్రతిపాదన వాళ్ల దగ్గర మొదలవ్వాలి.

కియోస్క్ వద్దనే నా సలహా. సర్పంచ్‌గారి ఉద్దేశం మంచిదే, అందులో సందేహం లేదు. కానీ దరఖాస్తు పెట్టుకోవడానికి మన రాష్ట్రంలో ఇప్పుడు దారులకు కొదవ లేదు. 2019 అక్టోబరు 2 నుంచి గ్రామ, వార్డు సచివాలయాలు ఉన్నాయి. 2025 జనవరి చివర్లో మన మిత్ర వాట్సాప్ సేవ వచ్చింది. 95523 00009 నంబరుకు మెసేజ్ పెడితే చాలా పనులు ఫోన్లోనే అవుతున్నాయి. బియ్యం కార్డు సేవలు కూడా అదే ఏడాది అందులో చేరాయి. ఫోను వాడటం వచ్చినవాళ్లకు ఇవి చాలు. రానివాళ్లకు మీరున్నారు. మరి కియోస్క్ ఎవరికి? అక్షరాలు చదవలేని మనిషి టచ్‌స్క్రీన్ ముందు నిలబడితే చివరికి మిమ్మల్నే పిలుస్తుంది. యాప్ అయితే ఇంకా కష్టం. ప్రభుత్వ డేటాబేస్‌తో దానికి సంబంధం ఉండదు, అందులో కనిపించేది ఎవరో టైప్ చేసిన సమాచారమే అవుతుంది. రెండు నెలలు అప్‌డేట్ చేయకపోతే తప్పుడు సమాచారం ఇచ్చే యాప్ ఒకటి ఊళ్లో తిరుగుతుంది.

అసలు పని ఆగుతున్నది దరఖాస్తు దగ్గర కాదు కాబట్టి, ఎక్కడ ఆగుతోందో మనం దగ్గరగా చూద్దాం.

మొదటిది, మీరే రాసినట్టు, థంబ్. మిరప కోతల్లో నెలల తరబడి పనిచేసిన చేతిని ఒకసారి పట్టుకుని చూడండి. వేలి చివర చర్మం గట్టిపడి, సన్నగా పగిలి, గీతలు అరిగిపోయి ఉంటాయి. చౌక దుకాణంలో వేలిముద్ర చూసే ఈపోస్ మిషన్ మీద ఆమె వేలు పెడుతుంది, రాదు. డీలర్ "గట్టిగా నొక్కమ్మా" అంటాడు. చీర చెంగుతో తుడుచుకుని మళ్లీ పెడుతుంది. చూపుడు వేలు, నడిమి వేలు, రెండో చెయ్యి. వెనకాల వరసలో ఉన్నవాళ్లు గొణుగుతుంటారు. "రేపు రా" అంటారు. రేపు రావాలంటే ఒక పూట కూలి పోవాలి. అలా రెండు నెలలు జరిగాక ఆ మనిషికి తన చేతి మీదే నమ్మకం పోతుంది, తప్పు తనదే అనుకుంటుంది. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

ఆమె తప్పు ఏమీ లేదని ప్రభుత్వమే ఒప్పుకుంది. 2017 అక్టోబరు 24న కేంద్ర ఆహార, ప్రజాపంపిణీ విభాగం అన్ని రాష్ట్రాలకూ రాసిన లేఖలో, ఆధార్ లేదన్న కారణంతో పేరు తీసేయొద్దని, వేలిముద్ర సరిపోలకపోయినా, నెట్‌వర్క్ లేకపోయినా కార్డు చూసి సరుకు ఇచ్చి ఆ సంగతి వేరే రిజిస్టరులో రాసుకోమని స్పష్టంగా చెప్పింది. జార్ఖండ్‌లోని సిమ్డేగా జిల్లాలో రేషన్ ఆగిపోయిన కుటుంబంలో 11 ఏళ్ల పిల్ల చనిపోయి దేశమంతా గగ్గోలైన మరుసటి నెలలోనే ఆ లేఖ వచ్చింది. మన రాష్ట్రంలో వేలిముద్ర పడనివాళ్లకు వీఆర్వో ధ్రువీకరణతో ఇచ్చే పద్ధతి, కనుపాప స్కాన్ లాంటివి వేలిముద్రల మిషన్లు వచ్చినప్పటి నుంచీ ఏదో ఒక రూపంలో నడుస్తూనే ఉన్నాయి. మీ మండలంలో ప్రస్తుతం ఏది పనిచేస్తోందో డీలర్‌ని, పౌరసరఫరాల డిప్యూటీ తహసీల్దారుగారిని అడిగి పెద్ద అక్షరాలతో ఒక కాగితం మీద రాయించండి. దాన్ని దుకాణం గోడకు అంటించండి. "థంబ్ పడకపోయినా బియ్యం ఇవ్వాలి. పడకపోతే ఫలానా వారిని పిలవండి" అన్న రెండు వాక్యాలు గోడ మీద ఉంటే ఆ తల్లి వెనక్కి తిరగదు. చదవలేకపోయినా, వరసలో ఉన్న పిల్లాడెవడో చదివి చెబుతాడు.

దీనికి తోడు వీఆర్వోగారితో మాట్లాడి, నెలలో ఒక సాయంత్రం ఆయన దుకాణం దగ్గర కూర్చునేలా ఒప్పించండి. చౌక దుకాణాలు 2025 జూన్ నుంచి మళ్లీ నడుస్తున్నాయి కదా, నెలలో 1 నుంచి 15 దాకా, పొద్దున 8 నుంచి 12, సాయంత్రం 4 నుంచి 8. అంతకుముందు ఇంటింటికీ బియ్యం వ్యాన్లు తిరిగిన రోజుల్లో బండి ఎప్పుడొస్తుందో తెలియక కూలికి పోవాలా, ఇంటి దగ్గర ఉండాలా అని జనం సతమతమవడం మీరూ చూసే ఉంటారు. ఇప్పుడు సాయంత్రం వేళ ఉంది కాబట్టి, చేల నుంచి వచ్చాక వెళ్లొచ్చు. పదో తేదీ తర్వాత ఏదో ఒక సాయంత్రం 6 గంటలకు వీఆర్వో అక్కడ ఉంటే ఆ నెల థంబ్ పడనివాళ్లందరి పనీ ఒకేసారి తేలిపోతుంది. ఇందుకు పైసా ఖర్చు లేదు, కావాల్సింది ఆయన ఒప్పుకోవడమే.

రెండోది, కార్డులో పేరు ఎక్కకపోవడం, కొత్త కార్డు రాకపోవడం. మీ టేబుల్ మీద రోజూ నలిగే పని ఇది, నాకన్నా మీకే బాగా తెలుసు. కోడలి పేరు పుట్టింటి కార్డులోనే ఉంటుంది, అక్కడ తీయనిదే ఇక్కడ ఎక్కదు. హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌లో, అంటే ఏ ఇంట్లో ఎవరున్నారన్న సచివాలయం లెక్కలో, పెళ్లయిన కొడుకు ఇంకా తండ్రి ఇంట్లోనే ఉన్నట్టు ఉంటుంది, అందుకని కార్డు స్ప్లిట్ కాదు, అంటే వేరుపడదు. అర్హత తేల్చే ఆరు అంశాల తనిఖీలో, అదే సిక్స్ స్టెప్ వాలిడేషన్‌లో, కరెంటు 300 యూనిట్లు దాటిందని వస్తుంది. తీరా చూస్తే ఆ మీటరు వీళ్లది కాదు, ఎవరిదో మీటరుకు వీళ్ల ఆధార్ లింకైంది. ఎన్నడో అమ్మేసిన పొలం ఇంకా తాత పేరు మీదే ఉంటుంది.

ఒక్కోదానికీ పరిష్కారం ఉంది. కాకపోతే ఒక్కోటీ ఒక్కో ఆఫీసులో ఉంది. కుటుంబానికి మాత్రం "ఇనెలిజిబుల్ అని వచ్చిందమ్మా" అన్న ఒక్క ముక్కే వినిపిస్తుంది. మనకు ప్రభుత్వం ఇవ్వనంటోంది అని అర్థం చేసుకుని వెళ్లిపోతారు. ఆధునికీకరణ అంటే నా దృష్టిలో ముందు మారాల్సింది ఈ ఒక్క ముక్క. ఎందుకు ఆగిందో, ఎవరు సరిచేస్తారో, ఏ కాగితం కావాలో తెలుగులో రాసి చేతిలో పెట్టాలి. ఉదాహరణకు ఇలా:

"మీ కార్డు రాకపోవడానికి కారణం: ఫలానా నంబరు కరెంటు మీటరు మీ పేరు మీద ఉన్నట్టు కంప్యూటర్ చూపిస్తోంది. ఆ మీటరు మీది కాకపోతే కరెంటు ఆఫీసుకు వెళ్లి మీ ఆధార్ దానినుంచి తీయించండి. తీసుకెళ్లాల్సినవి: ఆధార్ జిరాక్స్, మీ ఇంటి కరెంటు బిల్లు. అది అయ్యాక సచివాలయానికి వస్తే చాలు, అప్పుడు చేయాల్సింది మేమే చేస్తాం. ఇది మీకు బియ్యం ఇవ్వబోమని చెప్పే కాగితం కాదు."

చివరి వాక్యం తీసేయొద్దు, దయచేసి. ఇలాంటివి ఓ ఎనిమిదో పదో నమూనాలు ముందే టైప్ చేసి పెట్టుకుంటే, వచ్చినవాళ్లకు సరిపోయేది ప్రింటు తీసి, తేదీ వేసి, సంతకం చేసి ఇవ్వడానికి రెండు నిమిషాలు పట్టదు. ఆ కాగితం పట్టుకుని కరెంటు ఆఫీసుకు వెళ్లిన మనిషి అక్కడ ఏం అడగాలో తెలిసి వెళుతుంది. అక్కడివాళ్లు కూడా "మా పని కాదు" అని తేలిగ్గా తోసేయలేరు.

ఇంకొక్క మెట్టు పైకి వెళ్లగలిగితే, ఆ మనిషి కరెంటు ఆఫీసుకు వెళ్లే అవసరమే లేకుండా మీరే చేయొచ్చు. వారంలో వచ్చిన మీటరు కేసులన్నీ ఒక జాబితాగా చేసి, సచివాలయంలో కరెంటు పనులు చూసే ఎనర్జీ అసిస్టెంటు ద్వారా పంపండి. సచివాలయంలో అన్ని శాఖల మనుషులూ ఒకే గదిలో కూర్చుంటున్నది ఇందుకోసమే కదా! కాగితం ఒక టేబుల్ నుంచి ఇంకో టేబుల్‌కు వెళ్లాల్సిన చోట మనిషిని ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పంపిస్తున్నాం.

ఇప్పుడు నేను పై శీర్షికలో పెట్టిన పదహారో తేదీ సంగతి. నా దృష్టిలో మీ ప్రతిపాదనకు గుండెకాయ ఇదే. పదిహేనో తేదీతో పంపిణీ అయిపోతుంది. పదహారున డీలర్ దగ్గరో, ఈపోస్ లెక్కల్లోనో ఆ నెల బియ్యం తీసుకోని కార్డులు తేలతాయి. దుకాణం వారీ లావాదేవీల వివరాలు చట్టప్రకారం అందరికీ అందుబాటులో ఉండాల్సినవే, రహస్యం కాదు. ఆ తీసుకోని కార్డులు ఎవరివో చూడండి. ఒక ఊరి దుకాణానికి ఆ జాబితా మరీ పెద్దదేమీ కాదు. అందులో కొందరు బియ్యం అక్కర్లేక తీసుకోనివాళ్లు ఉంటారు, కొందరు వలస వెళ్లినవాళ్లు. మిగిలినవాళ్లు థంబ్ పడనివాళ్లు, మంచాన పడ్డవాళ్లు, డీలర్‌తో గొడవపడి వెళ్లనివాళ్లు, కార్డు పనిచేయడం లేదని అనుకుంటున్నవాళ్లు. ఈ మిగిలినవాళ్లే మీరు రాసిన "రావడం మానేసినవాళ్లు".

వాళ్ల ఇళ్లకు ఎవరో ఒకరు వెళ్లాలి. ప్రతి ఇంటికీ మీరే వెళ్లక్కర్లేదు. ఆశా కార్యకర్తకు, ఏఎన్ఎంకు, అంగన్‌వాడీ టీచరుకు ఆ వీధుల్లో ఎలాగూ పని ఉంటుంది. "ఈ నెల బియ్యం తీసుకోలేదట, ఏమైంది?" అని ఒక్క మాట అడిగి వచ్చి మీకు చెబితే చాలు. 65 ఏళ్లు దాటినవాళ్లకు, దివ్యాంగులకు ఇంటికే తెచ్చివ్వాలన్న నిబంధన మన రాష్ట్రంలో ఉంది. అది అందుతోందో లేదో కూడా ఈ అడగడంలోనే తెలిసిపోతుంది.

ఇది ఇప్పుడు మరీ అవసరం. ప్రజాపంపిణీ నియంత్రణ ఉత్తర్వుకు 2025 జులైలో చేసిన సవరణ ప్రకారం, ఆరు నెలలపాటు సరుకు తీసుకోని కార్డును తాత్కాలికంగా ఆపేస్తారు. ఆ తర్వాత మూడు నెలల్లో ఇంటికి వెళ్లి పరిశీలించి, ఈకేవైసీ (ఆధార్‌తో మనిషి గుర్తింపు సరిచూడటం) చేసి, అర్హత ఉందో లేదో తేల్చాలి. మీరు ప్రతి నెలా పదహారున చూస్తుంటే ఒకటో నెలలోనో రెండో నెలలోనో పట్టుకుంటారు. చూడకపోతే ఆరు నెలల తర్వాత ఆ ఇంటివాళ్లకే దుకాణం దగ్గర తెలుస్తుంది.

కంప్యూటర్ చెప్పింది కదా అని ఇంటికి వెళ్లకుండా తీసేస్తే ఏమవుతుందో పక్కనే చూశాం. తెలంగాణలో 2014 తర్వాత కొన్నేళ్లలో దాదాపు 19 లక్షల రేషన్ కార్డులు రద్దయ్యాయి, వాటిలో చాలావరకు డేటా సరిపోల్చి చేసిన రద్దులే. చివరకు 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, ఆ కార్డులన్నిటినీ క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమని ఆదేశించాల్సి వచ్చింది. జార్ఖండ్‌లో 2016, 2018 మధ్య పది జిల్లాల్లో రద్దైన సుమారు 1.44 లక్షల కార్డుల మీద పరిశోధకులు అధ్యయనం చేస్తే, 88 శాతం నిజమైన కుటుంబాలవేనని తేలింది. దొంగ కార్డులు ఉండవని నేను అనను, ఉంటాయి, చూశాను కూడా. కానీ అనుమానం కంప్యూటర్‌ది అయినప్పుడు దాన్ని తీర్చుకోవాల్సింది గడప దగ్గర. తేలేదాకా బియ్యం ఆపకూడదు.

వలస వెళ్లినవాళ్ల గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇక్కడ మంచి సదుపాయం ఉండి కూడా సమాచారం లేక పోతోంది. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు పథకంలో 2019 ఆగస్టులో మొదట కలిసిన జంటల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఒకటి. 2022 నాటికి దేశమంతా వచ్చింది. మీ ఊరి నుంచి హైదరాబాద్‌కో బెంగళూరుకో పనికి వెళ్లిన కొడుకు అక్కడి చౌక దుకాణంలో ఆధార్ చెప్పి, వేలిముద్ర వేసి తన వాటా తీసుకోవచ్చు, ఇక్కడ తల్లిదండ్రులు మిగతాది తీసుకోవచ్చు. కార్డు తీసుకెళ్లాల్సిన పని లేదు. అక్కడ ఇవ్వకపోతే 14445కు ఫోన్ చేయొచ్చు.

అయితే ఒక మెలిక ఉంది. మన రాష్ట్రంలో కార్డులు రెండు రకాలు. కేంద్రం జాతీయ ఆహార భద్రతా చట్టం కింద బియ్యం ఇచ్చేవి కొన్ని, రాష్ట్రం సొంత ఖర్చుతో ఇచ్చేవి కొన్ని. మన ఊరి దుకాణంలో రెండింటికీ తేడా తెలియదు. వేరే రాష్ట్రంలో మాత్రం మొదటి రకానికే ఇస్తారు. ఇది తెలియక బెంగళూరులో దుకాణం ముందు నిలబడి, లేదనిపించుకుని, కార్డే పోయిందని కంగారుపడి ఇంటికి ఫోన్ చేసేవాళ్లు ఉన్నారు. కోతలు అయిపోయి జనం పై ఊళ్లకు బయలుదేరే ముందు, వెళ్లేవాళ్ల కార్డు ఏ రకమో చూసి చెప్పడం మీ లాగిన్‌తోనో డీలర్ సాయంతోనో అయ్యే పని. ఏడాదిలో ఆ ఒక్క వారం దీనికోసం పెట్టుకోండి.

పసిపిల్లల విషయానికి వస్తే, లెక్క చూడండి. అంత్యోదయ కార్డుకు కుటుంబానికి నెలకు 35 కిలోలు. మిగతా కార్డులకు మనిషికి 5 కిలోలు, పసిబిడ్డకైనా అంతే. కోడలు, బిడ్డ ఇద్దరి పేర్లూ ఎక్కకపోతే ఆ ఇంటికి నెలకు 10 కిలోలు, ఏడాదికి 120 కిలోలు తగ్గినట్టు. సరిగ్గా ఆ తల్లి పాలిచ్చే నెలల్లో ఈ నష్టం జరుగుతోంది. ఆమె గర్భం దాల్చిన సంగతి ఏఎన్ఎం రిజిస్టరులో మూడో నెలకే ఉంటుంది. అంగన్‌వాడీలో పేరు ఉంటుంది. అంటే ప్రభుత్వానికి తెలుసు, కానీ ఒక రిజిస్టరుకు తెలిసింది ఇంకో రిజిస్టరుకు తెలియదు. ఏఎన్ఎం గర్భిణిని నమోదు చేసిన వారంలోనే "ఈమె పేరు ఏ కార్డులో ఉంది?" అని మీకు ఒక చీటీ వస్తే, పుట్టింటి కార్డు నుంచి పేరు తీయించే పని అప్పుడే మొదలుపెట్టొచ్చు. కాన్పు అయ్యేసరికి ఆమె పేరు ఎక్కి ఉంటుంది. బిడ్డకు జనన ధ్రువపత్రం, ఆధార్ రాగానే బిడ్డ పేరూ ఎక్కుతుంది. మీ సచివాలయంలో మీరిద్దరూ కూర్చునే టేబుళ్ల మధ్య దూరం ఎంతో నాకు తెలియదు గానీ, ఈ చీటీకి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు.

అలాగే అయిదేళ్లు నిండిన పిల్లలు. పసితనంలో తీసుకున్న ఆధార్‌లో వేలిముద్రలు ఉండవు, అయిదు దాటాక బయోమెట్రిక్ అప్‌డేట్ చేయించాలి. కొత్త సవరణ ప్రకారం అయిదేళ్లు నిండిన ఏడాదిలోపు ఈకేవైసీ కూడా కావాలి. బడిలో ఒకటో తరగతి హాజరుపట్టీ తీసుకుంటే ఎవరెవరికి కావాలో అక్కడే తెలుస్తుంది. ఆధార్ క్యాంపు బడిలోనే పెట్టించమని ఎంపీడీవోగారికి ఒక అర్జీ పెట్టండి. మిరప కోతలు ముమ్మరంగా ఉన్నప్పుడు మాత్రం వద్దు, పెద్దవాళ్లు రాలేరు.

ఇక డబ్బు. అమెరికా నుంచి వచ్చే డబ్బును దేనికి అడగాలంటే, మంచి ప్రింటరు, దానికి ఏడాదికి సరిపడా టోనరు, కాగితం. ఇవి లేకే చాలా చోట్ల కారణం నోటిమాటగా మిగిలిపోతోంది. కరెంటు పోయినా రెండు గంటలు పనిచేసే ఇన్వర్టరు. దుకాణం ముందు నీడకు ఒక రేకుల పందిరి, నాలుగు బెంచీలు, మంచినీళ్లు. నెలకు ఒకసారి నడవలేనివాళ్లను ఆధార్ కేంద్రానికి తీసుకెళ్లి తెచ్చే ఆటో కిరాయి. ఫొటోలో కియోస్క్ కనిపించినంత ఘనంగా ఇవి కనిపించవు, దాతలకు ఆ మాట సూటిగా చెప్పండి. వాళ్లలో చాలామంది ఇదే ఊళ్లో ఇదే వరసలో చిన్నప్పుడు సంచి పట్టుకుని నిలబడినవాళ్లే, అర్థం చేసుకుంటారు.

వాళ్లలో ఎవరైనా సాఫ్ట్‌వేర్ మనిషి ఉండి, "డేటా పంపండి, మేం డాష్‌బోర్డు చేస్తాం" అంటే మర్యాదగా వద్దని చెప్పండి. ఈ విషయంలో మొహమాటపడకండి. ఆధార్ నంబర్లు, కార్డు నంబర్లు గూగుల్ షీట్‌లో పెట్టి ఎవరికో పంపడం, కార్డుల ఫొటోలు ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టడం చట్టరీత్యా తప్పు. రేపు ఏదైనా జరిగితే ఉద్యోగం పోయేది మీది. అంతకన్నా ముఖ్యం, ఎవరింట్లో బియ్యం లేవో ఊరందరికీ తెలియాల్సిన పని లేదు. పదహారో తేదీ జాబితా మీ దగ్గర ఒక నోటుబుక్కులో ఉంటే చాలు: ఇంటిపేరు, వీధి, కారణం, ఎవరు చూస్తున్నారు, ఎప్పటికి తేలింది. ఊరికి చూపించాల్సినవి అంకెలే. ఈ నెల ఎన్ని ఇళ్లకు అందలేదు, అందులో ఎన్ని థంబ్ వల్ల, ఎన్ని మ్యాపింగ్ వల్ల, ఎన్ని తేలాయి. ఈ నాలుగు అంకెలు సచివాలయం బోర్డు మీద సుద్దముక్కతో రాయండి.

మీకు అనిపించొచ్చు, ఇన్నీ నేనొక్కదాన్నే ఎలా చేసేది అని. నిజమే, సర్వేలు, పింఛన్లు, ఇంకా రోజుకొకటి కొత్తగా వచ్చే పనుల మధ్య ఇదంతా మీ నెత్తినే వేసుకోమని నేను చెప్పడం లేదు. అందుకే ప్రతిపాదనలో ఎవరి పని ఏదో పేరు పేరునా రాయించి, సర్పంచ్‌గారితో, పంచాయతీ కార్యదర్శిగారితో సంతకం పెట్టించండి. వీఆర్వోకి సాయంత్రం, ఏఎన్ఎంకి చీటీ, ఎనర్జీ అసిస్టెంటుకు మీటర్ల జాబితా, మీకు కారణం కాగితం, పదహారో తేదీ పుస్తకం. మీరు రాత్రిళ్లు ఒక్కరే మోస్తున్న బరువు అప్పుడు నలుగురి మీద పడుతుంది. ఎమ్మార్వో లాగిన్‌లో ఆగినవాటికి మీరు బాధ్యులు కాదు, ఆ మాట వచ్చినవాళ్లకు కూడా మొహమాటం లేకుండా చెప్పండి. చెప్పి, ఏ తేదీన అక్కడికి వెళ్లిందో రాసివ్వండి.

మీ స్థాయిలో తేలనివి ఉంటాయి. వాటికి చట్టం ఒక దారి పెట్టింది. 2013 నాటి ఆహార భద్రతా చట్టం ప్రతి జిల్లాకూ ఒక ఫిర్యాదుల పరిష్కార అధికారి ఉండాలంటుంది. మన రాష్ట్రంలో ఆ బాధ్యత జాయింట్ కలెక్టర్లది. ఆయన దగ్గర న్యాయం జరగలేదనుకుంటే రాష్ట్ర ఆహార కమిషన్ ఉంది. అర్హత ఉండి బియ్యం అందని కుటుంబానికి బదులుగా భత్యం చెల్లించాలని అదే చట్టం 8వ సెక్షన్ చెబుతుంది. ఈ సెక్షన్ పేరు ఎత్తి అర్జీ పెట్టేవాళ్లు చాలా తక్కువ. ఫోన్లో ఫిర్యాదుకు 1967 ఉంది. మీరు ఉద్యోగి కాబట్టి మీ పేరుతో ఫిర్యాదు చేయడం ఇబ్బంది అనిపిస్తే, కుటుంబం తరఫున అర్జీ రాసిపెట్టి వాళ్ల సంతకంతో పంపించండి. అర్జీ రాసిపెట్టడం మీ పనిలో భాగమే, దానికి ఎవరూ తప్పుపట్టలేరు.

రెండు మూడు నెలల పదహారో తేదీల లెక్క చేతికొచ్చాక, దాన్ని ఒక పేజీగా రాసి సర్పంచ్‌గారి చేత జాయింట్ కలెక్టర్‌గారికి పంపించండి. "మా ఊళ్లో ఇన్ని ఇళ్లకు మీటరు తప్పు లింకు వల్ల కార్డు రాలేదు, మా స్థాయిలో సరిచేసే వీలు లేదు, మండల స్థాయిలో ఆ అధికారం ఇప్పించండి" అని ఒక్క విన్నపమే పెట్టండి, పది పెట్టొద్దు. జిల్లాలో మీలాంటి సచివాలయాలు ఇంకా చాలా ఉన్నాయి, అదే తప్పు అన్నిచోట్లా ఉంటుంది. ఒక ఊరి అంకెలు చూసి పై అధికారి అన్ని ఊళ్లకూ ఒక ఉత్తర్వు ఇవ్వడం నా సర్వీసులో జరిగింది. అంకెలు లేని అర్జీలు ఏ కట్టలో కలిసిపోయాయో నాకు తెలియదు.